కడుపుకోత, నష్టపరిహారం: సంతానాన్ని కోల్పోయిన తల్లిదండ్రుల న్యాయాధికార చరిత్ర

బిడ్డను పోగొట్టుకొన్న తల్లి దుఃఖానికి తెలుగులో ‘కడుపుకోత’ అనే మాట ఉంది. దశరథుని కథ మూలంగా ‘పుత్రశోకం’ తండ్రి పరంగా రూఢమైంది. న్యాయస్థానాల భాషలో ఈ రెంటికీ చాలాకాలం చోటు దొరకలేదు. అక్కడ నిలిచిన మాట ‘నష్టపరిహారం’. పరిహారమంటే తొలగించడం, నివారించడం. దోషపరిహారమనే ప్రయోగంలో ఆ అర్థం నేటికీ స్పష్టం. తొలగించడానికి వీలులేని నష్టానికి ఈ పదమే వ్యవహారంలోకి రావడం ఒక వైచిత్రి. అయితే చిక్కు పరిహారమనే ఉత్తరపదంలో కంటే ‘నష్టం’ అనే పూర్వపదంలోనే ఎక్కువగా ఉంది. బిడ్డ మరణంలో తల్లిదండ్రులకు కలిగిన నష్టమేమిటని చట్టం భావించింది? భారతదేశంలో ఈ ప్రశ్నకు వచ్చిన సమాధానాల చరిత్ర 1855లో మొదలవుతుంది.

దాని మూలం ఇంగ్లండులో ఉంది. గుర్రపుబండి బోల్తాపడి గాయపడిన భార్య నెల రోజుల తరువాత మరణించగా, భర్త వేసిన వ్యాజ్యంలో 1808లో ఎలెన్‌బరో ప్రభువు తీర్పు చెప్పాడు. భార్య జీవించి ఉన్న ఆ నెలరోజుల సాహచర్యలోపానికి మాత్రమే పరిహారం లభించింది. సివిలు న్యాయస్థానంలో మనిషి మరణాన్ని హానిగా ఫిర్యాదు చేయడానికి వీలులేదని ఆ తీర్పు సారాంశం. అంటే గాయపరచినవాడు చెల్లించవలసి ఉండగా, చంపినవాడు చెల్లించనక్కరలేదు! ఈ అసంబద్ధతను కాంబెల్ ప్రభువు ప్రతిపాదించిన 1846 నాటి చట్టం సవరించింది. తొమ్మిదేళ్ల తరువాత అదే నమూనాలో ఈస్టిండియా కంపెనీ పాలనలోని భారతదేశానికి 1855 నాటి 13వ చట్టం, అనగా ప్రాణాంతక ప్రమాదాల చట్టం వచ్చింది. భార్య, భర్త, సంతానంతోపాటు తల్లిదండ్రులు కూడ దానిలో హక్కుదారులైనారు. ‘తల్లిదండ్రులు’ అన్నచోట తాతలు, అవ్వలు కూడ చేరుతారని చట్టమే నిర్వచించింది. తోబుట్టువులకు మాత్రం స్థానం లేదు.

ఈ చట్టం ఇచ్చిన హక్కులు రెండు విధాలు. మొదటిది బంధువులు స్వయంగా పొందిన నష్టానికి సంబంధించినది. రెండవది మృతుని ఆస్తికి కలిగిన నష్టానిది. ఈ రెండవది వారసత్వ సూత్రాన్ని అనుసరిస్తుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం పెండ్లికాని కుమారుడు మరణిస్తే తల్లి మొదటి తరగతి వారసురాలు, తండ్రి రెండవ తరగతివాడు. తల్లి జీవించి ఉండగా తండ్రికి భాగం రాదు. పెండ్లికాని కుమార్తె విషయంలో తల్లిదండ్రులిద్దరూ సమాన వారసులు. దుఃఖంలో లేని భేదం వారసత్వంలో ఉన్నది.

మొదటి హక్కు విషయంలో ‘నష్టం’ అంటే ధననష్టమేనని 1852లోనే ఇంగ్లండు న్యాయస్థానం ఒక రైల్వే వ్యాజ్యంలో తేల్చింది. శోకానికి ఊరడింపుగా ఏమీ ఇవ్వరాదని దాని నిర్ణయం. మరి సంపాదన లేని బిడ్డ మాటేమిటి? కుట్టుపని నేర్చుకొంటున్న పదహారేళ్ల బాలిక రైలు ప్రమాదంలో మరణించిన టాఫ్ వేల్ రైల్వే వ్యాజ్యంలో 1913లో ప్రభువుల సభ తల్లిదండ్రుల పక్షాన తీర్పు చెప్పింది. ఆమె ముందుముందు ఆర్జించి తమకు తోడ్పడుతుందనే సహేతుకమైన ఆశ ఉంటే చాలునన్నది. 1921లో నాలుగేళ్లు నిండని బాలుని తండ్రికి మాత్రం ఆ ఆశ కేవలం ఊహేనన్న కారణంతో ఏమీ దక్కలేదు. ఈ తర్కంలో బిడ్డ ఎంత పసివాడైతే తల్లిదండ్రుల హక్కు అంత బలహీనం. లోకానుభవం దీనికి సరిగా విరుద్ధం.

స్వతంత్ర భారత న్యాయస్థానాలు ఈ తర్కాన్ని వదలలేదు. దాని లోపలే అంకెలను పెంచుతూ వచ్చాయి. జంషెడ్‌పూర్‌లో 1989 మార్చి 3న టాటా సంస్థాపకుని నూట యాభయ్యవ జయంతి ఉత్సవంలో పందిరి అంటుకొని అరవై మంది మరణించారు. వారిలో ఉద్యోగుల పిల్లలు అనేకులు. 2001లో సర్వోన్నత న్యాయస్థానం అయిదు నుండి పదేళ్ల లోపు పిల్లలకు తలకు 2 లక్షలు, పది నుండి పదిహేనేళ్లవారికి 4.10 లక్షల రూపాయలు నిర్ణయించింది. పెద్ద పిల్లల విషయంలో చెప్పిన కారణం గమనించదగినది: ఉద్యోగి సంతానంలో ఒకరికి కంపెనీలో ఉద్యోగమిచ్చే సంప్రదాయం అక్కడ ఉంది, కాబట్టి ఆ పిల్లలు కుటుంబానికి ఏటా 24,000 రూపాయలు అందించేవారని లెక్క. తీర్పు ఉదారమైనదే. కాని ఈ సూత్రాన్ని వ్యవసాయకూలీ బిడ్డకు వర్తింపజేస్తే ఏమి మిగులుతుంది? తండ్రి కొలువే బిడ్డ మరణానికి కొలమానమైంది.

అదే సంవత్సరం ఆగస్టులోనే మరొక తీర్పు వెలువడింది. 1995 మే 28న విహారయాత్రకు వెళ్లిన పఠాన్‌కోట్ ప్రాంతపు పాఠశాల విద్యార్థులు పద్నాలుగు మంది బియాస్ నదిలో మునిగిపోగా, ఒక్కొక్కరికి హైకోర్టు విధించిన 5 లక్షల పరిహారాన్ని సర్వోన్నత న్యాయస్థానం సమర్థించింది. తల్లిదండ్రుల స్థానంలో నిలిచి పిల్లలను కాపాడవలసిన బాధ్యత పాఠశాలదనే భావన ఇందులో బలపడింది. ఆ నదే 2014 జూన్ 8న తెలుగు కుటుంబాలకు దుఃఖహేతువైంది. ఆనకట్ట నుండి విడిచిన నీటిలో హైదరాబాదు ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు ఇరవై నలుగురు కొట్టుకొనిపోయారు. హిమాచల ప్రదేశ్ హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు స్వీకరించి, 2016లో ఒక్కొక్క కుటుంబానికి 20 లక్షలు నిర్ణయించింది.

శోకం తన పేరుతో తీర్పులోకి ప్రవేశించిన మార్గం వేరు. ఇంగ్లండు 1982లో శాసనం ద్వారా భార్యాభర్తలతోపాటు, పెండ్లికాని మైనరు బిడ్డను కోల్పోయిన తల్లిదండ్రులకు కూడ వియోగ పరిహారంగా 3,500 పౌండ్లు ఏర్పరచింది. భారతదేశంలో ఈ పని శాసనసభలు చేయలేదు. మోటారు ప్రమాదాల తీర్పులు చేశాయి. 2017లో రాజ్యాంగ ధర్మాసనం దాంపత్య సాహచర్య నష్టానికి 40,000 రూపాయలు స్థిరపరచగా, మరుసటి యేడు సర్వోన్నత న్యాయస్థానం ఆ సాహచర్యాన్ని మూడు విధాలుగా విభజించి, సంతాన సాహచర్యాన్ని తల్లిదండ్రుల హక్కుగా గుర్తించింది. 2020లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని స్థిరపరుస్తూ, ‘ప్రేమానురాగాల నష్టం’ అనే పద్దును వేరుగా లెక్కించరాదన్నది. ప్రేమ సాహచర్యంలో అంతర్భవిస్తుందని దాని వాదం. పద్దుల పునరుక్తిని నివారించడానికి ఇది అవసరమే కావచ్చు. అయినా తల్లిదండ్రులు సులభంగా అర్థం చేసుకోగల ఒకే ఒక్క మాట ఆ విధంగా తీర్పుల నుండి తొలగిపోయింది.

2021లో ఏడేళ్ల బాలుని మరణంపై వచ్చిన తీర్పులో ఈ చరిత్ర అంతా ఒకే పట్టికలో కనిపిస్తుంది. 1994లో చేరిన అనుబంధం ప్రకారం సంపాదన లేనివారి ఊహాత్మక వార్షికాదాయం 15,000 రూపాయలు. రూపాయి విలువ పడిపోయినా అది మారలేదని గుర్తించిన న్యాయస్థానం దాన్ని 25,000గా తీసుకొని, పదిహేనుతో గుణించింది. ఆ పద్దు 3,75,000. అంత్యక్రియలకు 15,000. సంతాన సాహచర్యాన్ని కోల్పోయినందుకు తల్లికి 40,000, తండ్రికి 40,000. మొత్తం 4,70,000 రూపాయలలో బాలుడు ఎన్నడూ సంపాదించని ధనానికి దక్కిన భాగం, వాడు తల్లిదండ్రులకు నిజంగా ఇచ్చిన సాహచర్యానికి దక్కిన భాగం కంటే నాలుగున్నర రెట్లకు పైబడి ఉంది.