పాతికేళ్ళు నిండిన బండి

మా పెదనాన్న 2009లో పోయాడు. దినం అయిపోయాక పెద్దమ్మ ఇనప్పెట్టె తెరిచింది. పొలం కాగితాలు దాచుకునే గుడ్డసంచిలో పొలం కాగితం ఒక్కటీ లేదు. అవి ఎప్పుడో ఒకటొకటిగా చేతులు మారిపోయాయి. సంచిలో మిగిలింది అంబాసిడర్ కారు ఆర్‌సీ బుక్కు. 1982 నాటి డీజిల్ బండి. దాన్ని ఇచ్చేసి అప్పటికి పంతొమ్మిదేళ్ళు. బుక్కులో మాత్రం ఇంకా ఆయన పేరే ఉంది.

అప్పటికి నేను అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాను. తిరుగు ప్రయాణంలో ఆ బుక్కు అడిగి తీసుకున్నాను. "ఏం చేసుకుంటావురా దాన్ని?" అంది పెద్దమ్మ. నాకూ తెలియదు. ఆ తర్వాత ఎప్పుడో, సొంత బండిని దేశం దాటించడానికి ఏమేం నిబంధనలున్నాయో చదువుతుంటే ఒక సంగతి కంటపడింది. అమెరికా భద్రతా ప్రమాణాలకు సరిపోని కారును ఆ దేశంలోకి రానివ్వరు. మన దగ్గర తయారైన మామూలు కార్లకు ఆ ప్రమాణాలుండవు. కానీ తయారై పాతికేళ్ళు నిండిన బండికి ఆ పట్టింపు లేదు, పాతదని వదిలేస్తారు. వేళ్ళ మీద లెక్క వేసుకున్నాను. 1982కి పాతిక కలిపితే 2007. పెదనాన్న బతికుండగానే ఆయన బండికి అమెరికా ప్రయాణానికి అర్హత వచ్చింది. అప్పటికి బండి లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ కథ ఎవరికో ఒకరికి చెప్పాలనిపించింది.

మాది చిలకలూరిపేటకు పడమటగా ఉన్న ఊరు. నల్లరేగడి. వానకు కాలు పెడితే చెప్పు ఊడి వస్తుంది, ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలు పడుతుంది. పొగాకు వేసే చేలల్లోకి పత్తి ఎలా వచ్చిందో పెదనాన్న చెప్పేవాడు. 1970లో సూరత్ నుంచి హైబ్రిడ్-4, 1972లో ధార్వాడ్ నుంచి వరలక్ష్మి. పొడుగు పింజ, మంచి ధర. తెల్ల బంగారం అన్న మాట అప్పుడే మా వైపు నోళ్ళలో పడింది. పెంకుటిళ్ళు డాబాలయ్యాయి. ఆడపిల్లల కట్నాలు పెరిగాయి, మగపిల్లలు పట్నాల్లో హాస్టళ్ళకెక్కారు. మా ఊళ్ళో మొదటి కారు పెదనాన్నది.

డీజిల్ బండే ఎందుకంటే, బావి దగ్గర ఇంజనుకు ఎలాగూ ఇంట్లో డ్రమ్ము ఉండేది. తెల్ల కారు. ఆ కారూ వలస వచ్చిందేనని ఆయనకు తెలుసు, చెప్పి మురిసిపోయేవాడు. ఇంగ్లండులో కౌలీ అనే చోట మోరిస్ ఆక్స్‌ఫర్డ్ పేరుతో పుట్టి, అచ్చులతో సహా ఓడెక్కి బెంగాల్లో ఉత్తరపారా ఫ్యాక్టరీకి చేరి అంబాసిడర్ అయింది. "దొరల దేశం నుంచి వచ్చి మన గతుకులకు అలవాటు పడింది చూడరా" అనేవాడు బానెట్ మీద చెయ్యేసి. మిర్చి సీజన్‌లో గుంటూరు యార్డుకు లారీ ముందు పోతే వెనకాల ఈయన కారు. సీటు కింద ఎప్పుడూ మచ్చు కాయల సంచి. అందుకే ఆ కారు ఎక్కితే పిల్లలం తుమ్ముతూనే ఉండేవాళ్ళం. వేసవి సెలవుల్లో మమ్మల్నందరినీ ఎక్కించుకుని కోటప్పకొండ తీసుకెళ్ళేవాడు. తొమ్మిది మందిమి పట్టేవాళ్ళం. ఆ ఘాటు, ఆ వేడి రెక్సిన్ సీటు, గేరు మార్చినప్పుడు ఆయన మోచెయ్యి నా మోకాలికి తగలడం నాకిప్పటికీ గుర్తు.

1980ల మొదట్లో కొత్త మందులొచ్చాయి. సింథటిక్ పైరిథ్రాయిడ్లు. సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్ పేర్లు చదువు రానివాళ్ళకు కూడా నోటికొచ్చేవి. మొదటి రెండేళ్ళు కొడితే చాలు, పురుగు రాలిపోయేది. పేటలో పురుగుమందుల కొట్లు బట్టల కొట్లను మించిపోయాయి. అరువుకిచ్చేవాళ్ళు. పంట వాళ్ళకే తోలాలి, వడ్డీ వాళ్ళు చెప్పినంత. ఆ కొట్టుకు కారులో వెళ్ళే రైతుకు ఎంత అరువైనా దొరికేది. పెదనాన్న ముంపు అక్కణ్ణుంచే మొదలైందని నా నమ్మకం. కారు ఆయన పరపతికి గుర్తు, ఆ పరపతే ఆయన్ని అప్పులో దించింది.

పురుగును చంపిన మందు, పురుగును తినే పురుగుల్నీ చంపింది. ముందు తెల్లదోమ లేచింది. ఆకు అడుగున తెల్లగా పొడి చల్లినట్టుండి, చెయ్యి తగిలితే పొగలా పైకి లేచేది. అది విడిచే తీపి జిగురు మీద మసి పట్టి, చేను చేనంతా కమిలినట్టు నల్లబడింది. విచ్చిన దూది కూడా జిగురే. మిల్లులో అంటుకుపోతుందని ధర కోసేవాళ్ళు. ఆ తర్వాత 1987లో శనగపచ్చ పురుగు పడింది. ఈసారి మందు కొట్టినా చావలేదు. మోతాదు పెంచారు, రెండు మందులు కలిపారు, మూడు కలిపారు. పెదనాన్న ఇరవయ్యో పిచికారీ దాకా గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టి, తర్వాత గీయడం మానేశాడు. పురుగు ఆ మందులకు నిరోధం తెచ్చుకుందని శాస్త్రవేత్తలు పరీక్షలు చేసి తేల్చారు. ఆ మాట మా చేలకు చేరేసరికి కాయ అంతా పోయింది. 1987–88లో ప్రకాశం, గుంటూరు పల్లెల్లో పత్తి రైతులు పురుగు కోసం తెచ్చిన మందు తామే తాగారు. పర్చూరు వైపు నుంచి ఒక చావు కబురు వచ్చిన రోజు పెద్దమ్మ ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ ఏరి, గొయ్యి తీసి పూడ్చింది. పెదనాన్న చూస్తూ అరుగు మీద కూర్చున్నాడు, వారించలేదు.

అప్పుడే వలస మాటలు మొదలయ్యాయి. కొందరు వరంగల్ వైపు కౌళ్ళకు పోయారు, పత్తి విత్తనం తీసుకునే. కొందరు తుంగభద్ర ఎడమ కాలవ కిందికి, సింధనూరు, గంగావతి వైపు. ఆనకట్టలో 1953లో నీళ్ళు నిలిపిన నాటి నుంచీ గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల వాళ్ళు అక్కడికి పోయి స్థిరపడుతూనే ఉన్నారు. వాళ్ళున్న చోట్లను క్యాంపులంటారు. మా ఇంట్లో ఇది కొత్త కాదు. మా తాత అన్న నిజాంసాగర్ కట్టిన కొత్తలో, 1930లలో, ఒంగోలు గిత్తల బండి కట్టుకుని బోధన్ వైపు పోయాడు. అప్పటికది అక్షరాలా పరాయి రాజ్యం. పొలిమేరలో కరోడ్‌గిరి నాకా, సుంకం. చెల్లే రూపాయి హాలీ సిక్కా. పదేళ్ళుండి, కలిసిరాక, అదే బండిలో తిరిగొచ్చాడు. గిత్తలే వేరు. "బండి కట్టుకు పోయినోడు బండి కట్టుకు వస్తాడు" అని మా నాయనమ్మ అనేది. ఆ మాట పెదనాన్న మనసులో నాటుకుపోయింది.

అందుకే, పొలం అమ్మి అప్పు తీర్చేటప్పుడు కారూ ఇచ్చేయమని అందరూ చెప్పినా ఆయన వినలేదు. "బండి మనదైతే రావటం మన చేతిలో ఉంటదే" అన్నాడు పెద్దమ్మతో. నేను పక్కనే ఉన్నాను. ఆయన తప్పు చేశాడని ఆ తర్వాత చాలామంది అన్నారు. నేను అనలేకపోయాను.

1988 జూన్‌లో సింధనూరు వైపు బయల్దేరారు. క్యారియర్ మీద మడతమంచాలు, ఇత్తడి బిందెలు, పరుపుచుట్టలు మోకుతో బిగించారు. లోపల పెద్దమ్మ, అక్క, అన్న, నాయనమ్మ. పెద్దమ్మ కాళ్ళ మధ్య పండుమిర్చి పచ్చడి జాడీ. నన్నూ తీసుకెళ్ళారు, బడి తెరిచేలోగా మా నాన్న వచ్చి తీసుకుపోయేట్టు. వినుకొండ దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు. గిద్దలూరు తర్వాత నల్లమల కనుమ ఎక్కుతుంటే రేడియేటర్ కాగింది. అన్న వాగులోంచి బిందెతో నీళ్ళు తెచ్చాడు. పెదనాన్న మూత తీసి, ఆవిరి చల్లారేదాకా బండి పక్కనే, కన్న బిడ్డకు జ్వరమొచ్చినట్టు, నిలబడ్డాడు. నంద్యాల దిగి, కర్నూలు దాటి, ఆదోనిలో పొద్దుగూకింది. ఆదోని కూడా పత్తి ఊరే. రోడ్డు పక్క జిన్నింగ్ మిల్లుల గోడలు చూసి నాయనమ్మ "ఇక్కడా ఇదేనా" అంది. సిరుగుప్ప దాటి తుంగభద్ర వంతెన మీదికి వచ్చేసరికి చీకటి. పెదనాన్న బండాపి దిగి, వెనక్కి తిరిగి చూశాడు. చూడ్డానికి ఏమీ లేదు, మా దీపాల వెలుగులో రోడ్డు తప్ప.

క్యాంపులో మనవాళ్ళు బాగానే చూశారు. కానీ మంచి భూములు ముందొచ్చిన వాళ్ళవి. ఈయనకు కౌలుకు దొరికింది కాలవ చివర. కాలవ మొదట ఉన్నవాళ్ళు నాట్లకు నీళ్ళు పెట్టుకుంటే చివర వాళ్ళకు మిగిలేది తడి మట్టి. మొదటి ఏడు వరి పాలు పోసుకునే వేళకు ఎండింది. రెండో ఏడు మిరప వేశాడు, తనకు తెలిసిన పంట. నారు బతికింది, చెట్టు బతకలేదు.

కారు సంగతి ఇంకోలా చిక్కింది. ఒక రాష్ట్రం బండి మరో రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంటే అక్కడి నంబరు వేయించుకోవాలి. దానికి సొంత జిల్లా నుంచి అభ్యంతరం లేదని పత్రం తెచ్చుకోవాలి, కొత్త చోట పన్ను కట్టాలి. పత్రం కోసం గుంటూరు రెండు సార్లు వచ్చి వెళ్ళాడు. బాకీ ఉన్న పన్ను ముందు కట్టమన్నారు, అదీ న్యాయమే. కట్టడానికి ఆయన దగ్గర లేదు. దాంతో ఆ బండి క్యాంపులో పొరుగూరి పశువులా ఉండిపోయింది. పగలు రోడ్డెక్కేది కాదు. రాత్రి ఎవరికైనా పురుడొస్తే సింధనూరు ఆసుపత్రికి పరుగెత్తేది. డబ్బు తీసుకునేవాడు కాదు పెదనాన్న, డీజిల్ పోయించుకునేవాడు.

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. అక్కడి మనవాళ్ళు లక్షా డెబ్భై వేలకు పైగా. జోర్డాన్ చేరితే అమ్మాన్ నుంచి విమానాల్లో బొంబాయి తెచ్చారు. కొందరు సొంత కార్లలోనే ఎడారి దాటి సరిహద్దుదాకా వచ్చి, అక్కడ బండ్లు వదిలేసి నడిచారని క్యాంపు టీ కొట్టు దగ్గర ఎవరో చదివి వినిపించారు. పెదనాన్న ఆ పేపరు అడిగి తెచ్చుకున్నాడు. పెద్దమ్మ చెప్పగా విన్నాను: ఆ సాయంత్రం ఆయన కారు కడిగాడు. సీట్లు తీసి దులిపాడు. మిరప గింజలు రాలితే ఏరి కిటికీలో పెట్టాడు. మర్నాడు తాళం క్యాంపులోనే ఒకాయన చేతిలో పెట్టాడు, కౌలు బాకీ కింద. కాగితాలు మారలేదు. మార్చడానికి ఆ పత్రమే లేదు కదా.

సంసారం బస్సులో తిరిగొచ్చింది. నాయనమ్మ అప్పటికే లేదు, తుంగభద్రలోనే కలిసింది. ఊరికి పోవడానికి మొహం చెల్లక పెదనాన్న గుంటూరులో గది తీసుకున్నాడు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేరి, పద్దెనిమిదేళ్ళు ఇతరుల టిక్కీలు లెక్కపెట్టాడు. ఒకప్పుడు లారీ వెనక కారులో వచ్చిన గేటులోంచే సద్ది క్యారేజీతో నడిచి పోయేవాడు. పాత హమాలీలు లేచి నమస్కారం పెట్టేవాళ్ళు. ఆ నమస్కారానికి ఆయన మొహం ఎలా అయ్యేదో నేను చూశాను, రాయలేను.

నేను ఈ చదువూ ఉద్యోగమూ పట్టుకుని సముద్రం దాటినప్పుడు రెండు సూట్‌కేసులు తీసుకెళ్ళాను. తర్వాత అక్కడ కొన్న కారును ఆయన కోసం ఇటు తెద్దామని పిచ్చి ఆశ ఒకటి పుట్టింది. వాడిన బండిని తేవాలంటే మూడేళ్ళలోపుదై ఉండాలి, స్టీరింగ్ కుడివైపు ఉండాలి, బొంబాయి రేవులోనే దించాలి, బండి ఖరీదును మించిన సుంకం కట్టాలి. నాది ఎడమ చేతి బండి. ఫోన్‌లో చెబితే, "మనకెందుకురా, నువ్వు రా చాలు" అన్నాడు.

2014 మే నెలలో ఉత్తరపారా ఫ్యాక్టరీ ఆగిపోయిందన్న వార్త చూసేందుకు ఆయన లేడు.

ఒక్కసారి మాత్రం ఆయన ఆ బండిని మళ్ళీ చూశాడు. 1998లో క్యాంపులో ఒక పెళ్ళి. నేనూ వెళ్ళాను. భోజనాలయ్యాక "అట్టా కాలవ దాకా పోయొద్దాం రా" అన్నాడు. తన పాత కౌలు చేను దగ్గర రేకుల పాక వేసి ఉంది. లోపల ఇంజను ఆడుతోంది, కాలవ అడుగున మిగిలిన నీళ్ళను చేలోకి తోడుతోంది. పాకలో కాపలా కుర్రవాడు పడుకున్నది కారు వెనక సీటు మీద. రెక్సిన్ చిరిగి పీచు బయటికొచ్చింది. పెదనాన్న సీటును గుర్తుపట్టాడో ఇంజను చప్పుడు గుర్తుపట్టాడో తెలియదు, గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. బానెట్ లేదు, చక్రాలు లేవు, చెక్క దిమ్మల మీద బోల్టులతో బిగించి ఉంది. వరి మడిలోకి నీళ్ళు పోతున్నాయి. ఆయన చేనుకు రాని నీళ్ళు.

కుర్రవాడు లేచి "ఎవరండీ?" అన్నాడు.

పెదనాన్న జవాబు చెప్పలేదు. ఇంజను ఆపమని చేత్తో సైగ చేశాడు. చప్పుడు ఆగాక వంగి, పక్కనున్న ఊచ పైకి లాగి, కండువాతో తుడిచి, మళ్ళీ ముంచి తీశాడు. వెలుతురుకు పట్టి చూశాడు.

"ఆయిలు నల్లబడింది. మార్చి ఎన్నాళ్ళయింది బాబూ?" అన్నాడు.