ప్రహరీ లోపలి చెరువు: హైదరాబాదు ఇళ్ల స్థలాల్లో వాననీటి నిలుపుపై ఒక పరిశీలన

సారాంశం

హైదరాబాదులో వాననీటి గురించిన చర్చ రెండు అంశాల చుట్టూ తిరుగుతోంది. ఒకటి నాలాల విస్తరణ, రెండోది ఇంకుడు గుంతల తవ్వకం. ఈ రెండింటికీ నడుమ ఉన్న ఇంటి ఆవరణను, అంటే దాని వాలును, మట్టిని, మొక్కలను, పరచిన బండలను కలిపి ఒకే నీటి వ్యవస్థగా చూడాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 300 గజాల స్థలాన్ని నమూనాగా తీసుకుని, కట్టడానికి ముందు, కట్టాక, ఆవరణను సవరించాక గేటు దాటిపోయే నీటిని లెక్కగట్టి పోలుస్తుంది. గుంతలను కాక, స్థలంలో నిలిచే లీటర్లను కొలమానంగా తీసుకోవాలని వాదిస్తుంది.

కీలక పదాలు: ఉపరితల ప్రవాహం, ఇంకుడు వేగం, వాన మడి, గొలుసుకట్టు చెరువులు, వాల్టా చట్టం.

1. నేపథ్యం

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా కోరింది. నగరానికి ఎగువనే నీటిని ఆపాలన్న ఆయన ఆలోచన నుంచి 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ఆనాటి ముప్పు ఎగువ నుంచి నది మోసుకొచ్చింది. 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో 241.5 మి.మీ. వాన పడినప్పుడు గానీ, 2020 అక్టోబరు 13, 14 తేదీల కుండపోతలో గానీ నగరం మీద పడిన వానే కాలనీలను ముంచేసింది. 2020లో గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు, బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్టలు తెగి దిగువ బస్తీల మీద పడ్డాయి.

ఆ తర్వాత నాలాల అభివృద్ధికి ప్రత్యేక కార్యక్రమం మొదలైంది. అది అవసరమే. అయితే నాలా అనేది గేటు దాటి వచ్చేసిన నీటికి చూపే దారి మాత్రమే. గేటు లోపల ఎంత నీరు ఆగగలదన్న ప్రశ్నను మనం ఇంకుడు గుంత ఒక్కదానికే వదిలేశాం. ఈ వ్యాసం పరిధి ఆ గేటు లోపలి నేల.

2. గొలుసుకట్టు సూత్రం

కాకతీయుల కాలపు చెరువుల్లో మూడు భాగాలు ముఖ్యం: నీటిని ఆపే కట్ట, వాడకానికి వదిలే తూము, నిండాక మిగులును క్షేమంగా దాటించే అలుగు. ఒక చెరువు అలుగు పోస్తే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. వాన ఎంత పడినా ప్రతి మెట్టు మీదా కొంత ఆగి, కొంత ఇంకి, మిగిలినదే ముందుకు సాగేది. 13వ శతాబ్దపు రామప్ప, పాఖాల చెరువులు నేటికీ పనిచేస్తున్నాయంటే ఆ రూపకల్పన బలం తెలుస్తుంది.

చెరువుల గొలుసు నగరంలో చాలాచోట్ల తెగిపోయింది. చెరువు నీరు పరుచుకునే శిఖం భూముల్లోకి కాలనీలు వచ్చాయి. తెగిన గొలుసును పాత స్థాయిలో తిరిగి కట్టడం కష్టం. అయితే అదే సూత్రాన్ని చిన్న కొలతలో ప్రతి స్థలానికీ వర్తింపజేయవచ్చు. నీరు ఆగే పల్లం, ఇంకే మట్టి, వీధి కాలువకు దారి చూపే అలుగు ఏ ఆవరణలోనైనా అమర్చుకోదగినవే.

అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో ప్రిన్స్ జార్జెస్ కౌంటీ 1990ల మొదట్లో ఈ దారే పట్టింది. సోమర్‌సెట్ అనే ఇళ్ల సముదాయంలో వాననీటిని ఒకచోటికి చేర్చే పెద్ద గుంటలకు బదులు దాదాపు ప్రతి ఇంటి ముందూ మొక్కలు నాటిన లోతు తక్కువ పల్లాలు ఏర్పరచారు. రెయిన్ గార్డెన్ అనే పద్ధతి అక్కడి నుంచే వ్యాపించింది. ఈ వ్యాసంలో దాన్ని వాన మడి అని పిలుస్తున్నాను.

3. రాతి మీద నగరం

హైదరాబాదు కింద ఉన్నది గ్రానైటు. పైన కొద్ది మందాన ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద పగుళ్లున్న బండ. నీరు ప్రధానంగా మొరం పొరలోనూ, దాని కిందనున్న పగుళ్లలోనూ నిలుస్తుంది. నగరానికి దక్షిణాన మహేశ్వరం పరీవాహక ప్రాంతంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి ఏళ్ల తరబడి చేసిన అధ్యయనాలు ఈ నిర్మాణాన్ని స్పష్టంగా వివరించాయి. ఇలాంటి నేల ఒక్కసారిగా కుమ్మరించిన నీటిని మింగలేదు. అదే నీరు విశాలంగా పరుచుకుని నెమ్మదిగా దిగితే తీసుకోగలదు. ఒకే బిందువు దగ్గర లోతుగా తవ్విన గుంత కన్నా నాలుగు చోట్ల పరచిన లోతు తక్కువ పల్లం ఇక్కడ మేలు చేయడానికి కారణం ఇదే.

ఇంకుడు వేగం మట్టిని బట్టి మారుతుంది. ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రనేలలో గంటకు 20 నుంచి 30 మి.మీ. నీరు దిగుతుంది. బంకపాలు కలిసిన నేలలో 5 నుంచి 10 మి.మీ., అచ్చమైన బంకమట్టిలో 1 నుంచి 5 మి.మీ. మాత్రమే. నల్లరేగడి ఈ చివరి కోవలోకి వస్తుంది.

అయితే ఇళ్ల ఆవరణల్లో నిజానికి ఉండేది సహజమైన మట్టి కాదు. కొత్త ఇంటి లాన్‌లో పార దించి చూస్తే పైన రెండంగుళాల ఎర్రమట్టి, కింద గట్టిపడిన సిమెంటు గచ్చు, ఇటుక ముక్కలు, పాలిథిన్ సంచులు, ట్రాక్టర్ల బరువుకు అణిగిపోయిన మొరం బయటపడతాయి. పచ్చగడ్డి పరచి ఉన్నా ఆ నేల మీద పడిన వాన సిమెంటు మీద పడినట్టే జారిపోతుంది. కాబట్టి ఆవరణ సవరణలో మొదటి పని మొక్కలు కొనడం కాదు. అడుగు, అడుగున్నర లోతున చెత్త తీసేసి, మట్టిని గుల్లచేసి, పశువుల ఎరువో ఆకుల ఎరువో కలపడం.

4. ఒక స్థలం, మూడు లెక్కలు

వర్షం ఒక మి.మీ. పడితే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. అందులో ఎంత భాగం పారిపోతుందో చెప్పేది ప్రవాహ గుణకం. డాబాకు 0.9, సిమెంటు నేలకు 0.85, సందులు వదిలి పరచిన బండలకు 0.4, మట్టి నేలకు 0.25 గా తీసుకుందాం. మన నమూనా స్థలం 300 గజాలు, అంటే సుమారు 250 చ.మీ. అందులో డాబా 140, సిమెంటు ఆవరణ 70, మట్టి 40 చ.మీ. గంటలో 40 మి.మీ. వాన పడిందనుకుంటే మొత్తం 10,000 లీటర్లు.

కట్టకముందు: మొత్తం నేల మట్టే కాబట్టి పారిపోయేది 2,500 లీటర్లు.

కట్టాక: డాబా నుంచి 5,040, సిమెంటు నుంచి 2,380, మట్టి నుంచి 400, మొత్తం 7,820 లీటర్లు. మూడు రెట్లు మించింది. ఇలాంటి ఇళ్లు వంద ఉన్న కాలనీ తన కిందనున్న బస్తీ మీదకు గంటలో 7,82,000 లీటర్లు వదులుతుంది.

సవరించాక: 70 చ.మీ. సిమెంటులో 40 చ.మీ. తీసేసి, ఇసుక మీద రెండు వేళ్ల సందు వదిలి తాండూరు బండలు పరచి, సందుల్లో గరిక నాటాం. మట్టి భాగంలో 15 చ.మీ. మేర 20 సెం.మీ. లోతున వాన మడి తీశాం. డాబా గొట్టానికి 1,000 లీటర్ల తొట్టి పెట్టాం. మీటరున్నర పొడవు, వెడల్పు, లోతు గల ఇంకుడు గుంత ఒకటి తవ్వాం. ఇప్పుడు అన్ని వైపుల నుంచి చేరే నీరు దాదాపు 7,550 లీటర్లు. తొట్టిలో 1,000, మడిలో 3,000, ఆ గంటలో మడి మట్టిలోకి దిగేది 300, గుంతలో కంకర సందుల్లో పట్టేది సుమారు 1,200. మొత్తం 5,500 లీటర్లు ఆగాయి. గేటు దాటేది 2,050 లీటర్లు. కట్టకముందు పారిన దానికన్నా ఇది తక్కువ.

ఈ లెక్కలో గమనించవలసింది గుంత వాటా. చట్టం, ప్రచారం రెండూ ఎక్కువగా ఆధారపడే ఇంకుడు గుంత ఆపింది నిలిచిన నీటిలో నాలుగో వంతు కన్నా తక్కువ. సగానికి పైగా నిలిపింది జానెడు లోతు పల్లం.

5. వాన మడి తీసే పద్ధతి

ముందు నేలను పరీక్షించాలి. అడుగు వెడల్పు, అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపి ఇంకనివ్వాలి. తడిసిన ఆ గుంటనే మళ్లీ నింపి, స్కేలు నిలబెట్టి గంటకు ఎంత దిగిందో చూడాలి. గంటకు 12 మి.మీ. పైగా దిగితే మడికి ఆ చోటు యోగ్యం. 20 మి.మీ. వేగంతో దిగే నేలలో 20 సెం.మీ. నీరు 10 గంటల్లో ఖాళీ అవుతుంది. 5 మి.మీ. నేలలో 40 గంటలు పడుతుంది. అలాంటి చోట లోతు సగానికి తగ్గించి, వెడల్పు పెంచాలి. నిలిచిన నీటిలో దోమ గుడ్డు నుంచి దోమగా మారడానికి సుమారు వారం పడుతుంది. రెండు రోజుల్లో ఇంకిపోయే మడితో ఆ భయం లేదు.

మడి అడుగు చదునుగా ఉండాలి. వాలుగా ఉంటే నీరు ఒక మూలకే చేరి అక్కడ బంక పేరుకుంటుంది. డాబా గొట్టం నీరు పడేచోట నాలుగు గులకరాళ్లు పేర్చితే మట్టి కోసుకుపోదు. వీధి వైపు అంచున ఒకచోట రెండంగుళాలు తగ్గించి రాళ్లతో అలుగు కట్టాలి. అలుగు లేని మడి పెద్ద వానకు ఇంటి గడప వైపు పొంగుతుంది.

ఇంకుడు గుంతను మడి తర్వాత పెట్టాలి, ముందు కాదు. అడుగున 40 మి.మీ. కంకర, పైన 20 మి.మీ. కంకర, ఆపైన దొడ్డు ఇసుక నింపిన గుంతలోకి ఆవరణ మట్టి నేరుగా కొట్టుకొస్తే, కొన్నేళ్లలో సందులన్నీ ఒండ్రుతో మూసుకుపోతాయి. మడిలో తేరుకున్న నీరు అలుగు దాటి గుంతలోకి దిగితే ఆ గుంత ఆయువు పెరుగుతుంది.

6. మొక్కల ఎంపిక

వాన మడి మొక్క రెండు పరీక్షలకు తట్టుకోవాలి. జూలైలో రోజున్నర నీట మునగాలి, మే నెలలో వారాల తరబడి ఎండాలి. ఖరీదైన నర్సరీ మొక్కలు చాలా వరకు ఈ రెండింటిలో ఏదో ఒకదానికి తల వంచేస్తాయి. వాగుల ఒడ్డున పెరిగే మన మొక్కలు మాత్రం తరతరాలుగా ఈ రెండూ చూసినవే. మడి నడుమ వట్టివేరు, తుంగ, అంచుల్లో వావిలి, దర్భ, గట్టు మీద గరిక సరిపోతాయి. చోటుంటే గట్టుకు దూరంగా కానుగ గానీ నేరేడు గానీ ఒకటి. వట్టివేరు వేళ్లు మూడు మీటర్ల దాకా నిలువుగా దిగి, గట్టిపడిన మట్టిలో నీటికి దారులు తీస్తాయి. పెద్ద చెట్టు గుబురు వాన తొలి జల్లును ఆకుల మీదే ఆపుతుంది.

చెట్టు మొదలును సిమెంటుతో బిగించే అలవాటు మానాలి. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లోనే ఆదేశించింది. మన ప్రహరీల లోపల దాన్ని పాటించడానికి ఏ ఆదేశమూ అక్కర్లేదు.

7. జాగ్రత్తలు, పరిమితులు

మడి గానీ గుంత గానీ పునాదికి కనీసం మూడు మీటర్ల దూరంలో ఉండటం మంచిది. నల్లరేగడిలో ఈ నియమం మరీ ముఖ్యం. ఆ మట్టి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి గోడలను చీలుస్తుంది. సెప్టిక్ ట్యాంకు పొంగే చోట, కారు షెడ్డు నూనె కలిసే చోట ఇంకుడు ఏర్పాటు చేయకూడదు. ఆవరణ నీటిని వడకట్టకుండా బోరుబావిలోకి నేరుగా వదలడం అన్నిటికన్నా ప్రమాదం. మట్టి చేయవలసిన శుద్ధిని తప్పించి మురికిని తిన్నగా భూగర్భ జలానికి చేర్చడమే అవుతుంది.

ఈ పద్ధతి అన్ని వరదలకూ మందు కాదు. ఒక రోజులో 190 మి.మీ. వాన పడితే మన నమూనా స్థలం మీద 47,500 లీటర్లు పడతాయి. ఒకేసారి పట్టగల 5,500 లీటర్లు అందులో 12 శాతం కూడా లేవు. రోజంతా ఇంకుడు సాగుతుంది కాబట్టి అసలు నిలుపు ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది. అయినా అలాంటి రోజున నాలాలు, చెరువులే దిక్కు. ఏటా పదేపదే వచ్చి వీధిని మోకాలి లోతున ముంచే మామూలు వానలను ఇంటి గేటు లోపలే లొంగదీయడం ఈ పద్ధతి సాధించగలిగేది. అది చిన్న ఫలితం కాదు.

8. చట్టం దృష్టి మారాలి

2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వాననీటి సంరక్షణను ఇంటి యజమాని బాధ్యతగా నిలిపింది. ఆ స్ఫూర్తి గొప్పది. ఆచరణలో మాత్రం గుంత ఉందా లేదా అన్న ప్రశ్న దగ్గరే విషయం ఆగిపోతోంది. మూడు మార్పులు సూచిస్తున్నాను.

ఒకటి, నిర్మాణ అనుమతికి ఇచ్చే ప్లానులో కట్టకముందు, కట్టాక గేటు దాటే నీటి లెక్క ఉండాలి. కట్టాక పోయే నీరు కట్టకముందు దానికన్నా మించకూడదు. రెండు, ఆవరణలో ఇంకే నేల శాతాన్ని కూడా సెట్‌బ్యాక్ మాదిరిగా కొలిచి తనిఖీ చేయాలి. మూడు, లేఅవుట్ వేసేటప్పుడే పార్కును రోడ్డు కన్నా పల్లంలో ఉంచి, వీధిలోని మడుల అలుగులన్నీ అందులో కలిసేలా చూడాలి. అలా చేస్తే కాలనీకి ఒక చిన్న గొలుసుకట్టు ఏర్పడుతుంది.

ముగింపు

ఇంటి ఆవరణను అలంకారంగా చూసినంత కాలం వాన మనకు బయటికి తోసేయవలసిన బరువుగానే కనిపిస్తుంది. దాన్ని పరీవాహక ప్రాంతంలో ఒక మెట్టుగా చూస్తే, జానెడు లోతు పల్లం, గుల్లబారిన మట్టి, వాగు ఒడ్డు మొక్కలు కలిసి కట్టడం వల్ల కలిగిన నష్టాన్ని మామూలు వానల మేరకు పూడ్చగలవని పై లెక్క చూపుతోంది. దీనికి పెద్ద యంత్రాలూ అరుదైన నిపుణులూ అవసరం లేదు. ఇల్లున్న ప్రతివారూ ఈ మృగశిర కార్తె లోపల ఒక్క పని చేయాలని కోరుతున్నాను: గేటు దగ్గర నిలబడి తమ ఆవరణ నీరు ఎటు పారిపోతోందో చూసి, ఆ దారిలో ఒక మడి తీయడం.