హాజరు పట్టీలో లేని కార్మికురాలు

బొంబాయి నూలు మిల్లుల చరిత్ర చదివితే కార్మికుడంటే పురుషుడే అనిపిస్తుంది. 1850లలో మొదలైన ఆ మిల్లులకు ఎక్కువమందిని పంపిన ప్రాంతాల్లో కొంకణ తీరంలోని రత్నగిరి ఒకటి. అక్కడి కొండవాలు చెక్కల్లో పండే వరి, రాగులు ఏడాది పొడవునా చాలేవి కావు. శిస్తుకీ అప్పుకీ రొక్కం కావాలి. మగవాళ్ళు నగరానికి వెళ్ళారు. నారు పోసి, నాటి, కోసి, పొలాన్ని నిలబెట్టింది స్త్రీలు. 2011 జనాభా లెక్కల్లోనూ రత్నగిరిలో వెయ్యిమంది పురుషులకు 1,122 మంది స్త్రీలున్నారంటే ఆ వలస ఎంత లోతైనదో ఊహించవచ్చు.

కార్మికులకు ఊరి మీదే ధ్యాసని మిల్లు యజమానులు తరచూ ఫిర్యాదు చేసేవారు. నిజానికి ఆ ఊరే వాళ్ళకు లాభం. జీతం ఒక మనిషి తిండికీ, పదిమందితో పంచుకునే గదికీ సరిపోతే చాలు. పిల్లల పెంపకం, జబ్బుపడి తిరిగొచ్చినవాడి సేవ, ముసలితనం - ఇవన్నీ ఊళ్ళో భార్య, తల్లి జీతం లేకుండా మోశారు. 1928లో ఆరు నెలలు సాగిన సమ్మెలోనూ ఎంతోమందికి తిండి పెట్టింది ఆ పొలమే.

మిల్లుల్లో స్త్రీలు లేకపోలేదు. 1920లలో దాదాపు ఐదింట ఒక వంతు వాళ్ళే. ఎక్కువగా నూలు చుట్టే విభాగాల్లో. యంత్రాల మార్పు, రాత్రిపని నిషేధం, 1929 నాటి ప్రసూతి చట్టం సాకులయ్యాయి. ఒక్కొక్కరే బయటికి నెట్టబడ్డారు. నగరంలో చాలామంది స్త్రీలకు మిగిలింది వంట. ఒంటరి కార్మికులకు నెలవారీ భోజనం పెట్టే ఈ 'ఖానావళి' స్త్రీలు మన 'కన్యాశుల్కం' పూటకూళ్ళమ్మకు అక్కచెల్లెళ్ళే. సమ్మెల్లో అరువు మీద అన్నం పెట్టి అప్పులపాలైన వాళ్ళని కూడగట్టి ప్రేమా పురావ్ 1975లో అన్నపూర్ణ మహిళా మండల్ స్థాపించారు.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షలమంది సమ్మెకు దిగారు. ఆ తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మిల్లు భూముల్లో కార్మికులకు ఇళ్ళివ్వాలని పోరాటం జరిగింది. అర్హతకు కొలబద్ద ఆనాటి హాజరు పట్టీ. ఊళ్ళో పొలం చేసిన స్త్రీకి అందులో చోటు కార్మికుడి వారసురాలిగా మాత్రమే. అన్నం వండినామెకి అదీ లేదు.

వలస చరిత్రని హాజరు పట్టీ నుంచి కాక, పొలం గట్టు నుంచీ పొయ్యి దగ్గర్నుంచీ రాయడం మొదలుపెడితే, కార్మికవర్గం అనే మాటకి అర్థమే మారుతుంది.