సేరంపూర్ సభలో ఆరు ప్రశ్నలు

మనుషుల్ని మూడు రకాలుగా విడదీసే భర్తృహరి సుభాషితం ఒకటుంది. ఏనుగు లక్ష్మణకవి పద్యం పుణ్యమా అని మనలో చాలామందికి బళ్ళోనే నోటికొచ్చింది. ఆటంకాలొస్తాయన్న భయంతో పని మొదలే పెట్టనివాళ్ళు, మొదలుపెట్టి మధ్యలో వదిలేసేవాళ్ళు, ఎన్ని అడ్డంకులొచ్చినా పట్టు విడవనివాళ్ళు. 1883 ఫిబ్రవరిలో, కలకత్తా దగ్గర సేరంపూర్ కాలేజీ హాల్లో, పద్దెనిమిదేళ్ళు నిండని ఒక మరాఠీ అమ్మాయి నిలబడి ఇదే మాట ఇంగ్లీషులో చెప్పింది. ఆమె దాన్ని మనువు మాటగా చెప్పింది, అంతే తేడా. ఆమె పేరు ఆనందీబాయి జోషి. డాక్టరు చదువుకి అమెరికా ఎందుకు వెళుతున్నదో ఊరివాళ్ళకి చెప్పడం కోసం జరిగిన సభ అది.

ఆనందీబాయి 1865లో కల్యాణ్‌లో పుట్టింది. తొమ్మిదేళ్ళకే పెళ్ళి. భర్త గోపాలరావు పోస్టాఫీసు ఉద్యోగి, ఆమెకన్నా దాదాపు ఇరవై ఏళ్ళు పెద్ద. భార్యకి చదువు చెప్పాలన్న పట్టుదల ఆయనది. ఆ పట్టుదలలో చెయ్యి చేసుకున్నాడని కూడా ఆమె ఉత్తరాల వల్ల తెలుస్తుంది. పద్నాలుగేళ్ళకి కొడుకు పుట్టి పదిరోజులకే పోయాడు. సరైన వైద్యం అందలేదు. డాక్టరు కావాలన్న కోరిక అక్కణ్ణుంచి వచ్చింది.

ఆ సభలో ఆమె చేసిన పని నాకు బాగా నచ్చుతుంది. అందరూ తనని అడుగుతున్న ప్రశ్నలు ఆరు ఏరుకుంది. అమెరికా ఎందుకు? ఇక్కడ చదువుకునే వీలు లేదా? ఒంటరిగా ఎందుకు? తిరిగొచ్చాక కులం నుంచి వెలి వెయ్యరా? ఏదైనా ఆపద వస్తే? ఏ ఆడదీ చెయ్యని పని నువ్వెందుకు చెయ్యాలి? ఒక్కొక్కదానికీ జవాబు చెప్పింది. మద్రాసులో ఒక కాలేజీ ఉందని, మిగతాచోట్ల ఉన్న మంత్రసాని తరగతులు చాలవని చెప్పింది. ఇద్దరం వెళ్ళడానికి డబ్బు లేదు, భర్త మీద ఆధారపడిన కుటుంబం ఉంది అంది. హిందువుగానే వెళ్ళి హిందువుగానే తిరిగొస్తాను, తిండీ కట్టూ మార్చను, ఇంక వెలి ఎందుకు అని ఎదురడిగింది. దారిలో నడుస్తుంటే జనం గుమిగూడి నవ్వడం, అరుగుల మీద కూర్చున్న పెద్దమనుషులు గులకరాళ్ళు విసరడం కూడా దాచుకోకుండా చెప్పింది. అంటే ఇంట్లో ఉంటే క్షేమం, బయటికెళితే ప్రమాదం అన్న లెక్కే తప్పన్నమాట!

నేను పాతికేళ్ళప్పుడు రెండు సూట్‌కేసులతో ఈ దేశం వచ్చిన కంప్యూటరు మనిషిని. మా ప్రాజెక్టుల్లో రిస్క్ రిజిస్టర్ అని ఒకటి రాస్తాం. ఏమేం చెడిపోవచ్చో వరసగా రాసి, ఒక్కొక్కదాని ఎదురుగా ఏం చేస్తామో రాస్తాం. భయం మనసులో తిరుగుతున్నంతసేపూ కొండంత ఉంటుంది. కాగితం మీద పెడితే దానికీ ఒక కొలత వస్తుంది. ఆనందీబాయి జాబితా అలాంటిదే. కాకపోతే ఆమె దాన్ని ఫైల్లో దాచలేదు, నలుగురి ముందూ చదివింది.

1883 ఏప్రిల్ 7న కలకత్తాలో భర్త తోడు లేకుండా ఓడెక్కి, జూన్ 4న న్యూయార్క్‌లో దిగింది. న్యూజెర్సీలోని రోజెల్ ఊరి థియోడిషియా కార్పెంటర్ అనే ఆవిడ తన ఇంట్లో పెట్టుకుంది. పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని తిరగేసిన పత్రికలో గోపాలరావు ఉత్తరం చదివి, అప్పటినుంచి వీళ్ళకి జాబులు రాస్తూ వచ్చిన మనిషి ఆవిడ. ఫిలడెల్ఫియాలోని ఉమెన్స్ మెడికల్ కాలేజీలో చదివి, 1886 మార్చి 11న ఆనందీబాయి ఎం.డి. పట్టా పుచ్చుకుంది. కొల్హాపూర్ ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డుకి డాక్టరుగా ఉద్యోగం కూడా సిద్ధమైంది.

కానీ ఆ వార్డులో పనిచెయ్యడం ఆమెకి కుదరలేదు. చదువుకునే రోజుల్లోనే ఆరోగ్యం చెడింది. క్షయ. 1887 ఫిబ్రవరి 26న పూనాలో కన్నుమూసింది. ఇరవై రెండేళ్ళు నిండలేదు.

ఈ కథని ‘ధైర్యం చేస్తే అన్నీ కలిసొస్తాయి’ అని చెప్పుకోవడం నాకిష్టం లేదు. ఐదో ప్రశ్న అడిగినవాళ్ళ భయం నిజమే అయింది. ఆ సంగతి ఆమెకి ముందే తెలియదనీ అనుకోను. ఓటమికో, బాధకో జడిసి చెయ్యవలసిన పని మానుకోవడం న్యాయం కాదని, గెలిచినా బలైపోయినా ప్రయత్నించాల్సిందేనని ఆ సభలోనే చెప్పింది. రెండో సంగతి కూడా లెక్కలో వేసుకునే ఓడెక్కింది.

ఆమె అస్థికలు అమెరికాకి కార్పెంటరమ్మ దగ్గరకి వచ్చాయి. న్యూయార్క్ రాష్ట్రంలో పొకీప్సీ ఊరి శ్మశానంలో, ఆ కుటుంబం వాళ్ళ స్థలంలోనే ఆమె పేరుతో రాయి ఉంది. అటువైపు వెళ్ళేవాళ్ళు, ముఖ్యంగా ‘వెళ్ళనా, మాననా’ అని ఊగిసలాడుతున్న పిల్లలున్నవాళ్ళు, ఒకసారి ఆగి చూడండి.