చిత్తుకాగితాల నుండి దక్కిన బొమ్మలు

కమ్మర్‌పల్లిలో గాని, ఆర్మూరులో గాని పాత వార్తాపత్రికకు ఒకప్పుడు రెండే గతులు ఉండెడివి. కిరాణా కొట్టులో పసుపు పొట్లమగుట ఒకటి. చిత్తుకాగితాలు కొనువానికి తూకమునకు పోవుట రెండవది. వార్త ఒకనాటి సరుకు. మరునాటికి దాని పని తీరిపోవును. ఇందులో ఎవరినీ తప్పుపట్టవలసినది లేదు. అయితే ఆ కాగితము మీద వార్తతో బాటు బొమ్మ కూడ ఉండెడిది. ఆ బొమ్మ ఏమైనదని అడిగినవారు ఏ దేశమునందైనను తక్కువే. అమెరికాలో అట్లు అడిగి, దానికై జీవితము వెచ్చించినవారి చరిత్రను, దానితో మన తెలుగు పత్రికలకు గల సంబంధమును ఈ ప్రసంగములో మనవి చేయదలచినాము.

వరుస బొమ్మలలో కథ చెప్పు విద్య అమెరికా పత్రికల పోటీలో పెరిగినది. 1895లో న్యూయార్క్ వరల్డ్ పత్రికలో రిచర్డ్ అవుట్‌కాల్ట్ గీసిన బోడితల కుర్రవాడు వెలసినాడు. పసుపుపచ్చ అంగీతో వాడు ఎంత ప్రసిద్ధుడైనాడనగా, మరుసటి సంవత్సరమే ప్రత్యర్థి పత్రికాధిపతి హర్‌స్ట్ ఆ చిత్రకారుని తనవైపు లాగుకొన్నాడు. చవకబారు పత్రికారచనకు ఆంగ్లములో పసుపు రంగు పేరు వచ్చుటకు ఈ తగవే మూలమని చెప్పుదురు. మన వైపు శుభమునకు చిహ్నమైన రంగు అక్కడ అట్లు అపకీర్తి పాలైనది! 1905 అక్టోబరు 15న న్యూయార్క్ హెరాల్డ్ పత్రికలో విన్సర్ మెక్కే 'లిటిల్ నీమో' ప్రారంభించినాడు. ఒక బాలుడు ప్రతి ఆదివారము కలల లోకమునకు పోవుట, చివరి బొమ్మలో మేల్కొనుట - ఇంతే కథ. కాని ఆ రంగులు, మేడలు, వాహనములు పుటయంతయు నిండి ఉండెడివి. 1913 నుండి 1944 వరకు నడచిన జార్జ్ హెరిమన్ 'క్రేజీ కాట్' మరియొక అపురూప సృష్టి.

ఇవి అన్నియు వార్తాపత్రిక కాగితము మీద అచ్చైనవి. కొయ్యగుజ్జుతో చేసిన ఆ కాగితము కొన్ని ఏండ్లకు పచ్చబడి, పెళుసెక్కి, మడత దగ్గర విరిగిపోవును. ఇరువదవ శతాబ్ది నడుమ అక్కడి గ్రంథాలయములు చోటు చాలక, పత్రికలను మైక్రోఫిల్ముగా తీయించి, అసలు సంపుటములను వదిలించుకొనసాగినవి. అక్షరములకు ఆ పద్ధతి కొంతవరకు చాలును. బొమ్మలకు చాలదు. ఆ ఫిల్ము నలుపు తెలుపు. ఆదివారపు రంగులు అందులో బూడిదవన్నెకు దిగినవి. భద్రపరచితిమనుకొన్నది అక్కడనే జారిపోయినది.

బిల్ బ్లాక్‌బియర్డ్ అను రచయిత ఈ సంపుటములను అడుగబోగా ఒక చిక్కు వచ్చినది. గ్రంథాలయములు వాటిని వ్యక్తులకు ఇయ్యజాలవట! అందుచేత ఆయన 1968లో శాన్‌ఫ్రాన్సిస్కో అకాడమీ ఆఫ్ కామిక్ ఆర్ట్ పేరిట లాభాపేక్ష లేని సంస్థను నెలకొల్పినాడు. సంస్థ పేరు ఘనమే. దాని భవనము మాత్రము ఆయన నివసించు ఇల్లే. ఇల్లంతయు పత్రికలతో నిండిపోయినది. బొమ్మల కథలను కత్తిరించి తేదీల వరుసను అమర్చుట ఆయనకు నిత్యకృత్యమైనది. 1997లో ఓహాయో స్టేట్ విశ్వవిద్యాలయము ఆ సేకరణను తీసుకొన్నప్పుడు దాని బరువు 75 టన్నులని తేలినది. 2011లో ఆయన కన్నుమూసినాడు.

ఈ సేకరణ లేనిచో పునర్ముద్రణలు లేవు. పాత బొమ్మను తిరిగి అచ్చువేయవలెనన్న ప్రచురణకర్తకు మొదట కావలసినది మంచి మూలప్రతి. 1977లో స్మిత్సోనియన్ సంస్థ పేరిట వచ్చిన బృహత్సంపుటమునకు బ్లాక్‌బియర్డ్ సంపాదకులలో ఒకడు. ఆ పిదప చిన్న ప్రచురణ సంస్థలు రంగములోనికి వచ్చినవి. ఫాంటాగ్రాఫిక్స్ వారు 2004లో ఆరంభించి 2016 నాటికి చార్లెస్ షుల్జ్ 'పీనట్స్'ను ఆద్యంతము వెలువరించినారు. దినదిన చిత్రములు, ఆదివారపు చిత్రములు కలిపి అందలి మొత్తము 17,897. పీటర్ మరెస్కా మార్గము వేరు. లిటిల్ నీమోను ఆనాటి పత్రిక పుట కొలతలోనే చూడవలెనని ఆయన పట్టుదల. అంతటి పుస్తకము అంగడి అరలో ఎట్లు పట్టును? ఆయన సండే ప్రెస్ పేరిట తానే 2005లో అచ్చువేసినాడు: 16 అంగుళముల వెడల్పు, 21 అంగుళముల పొడవు. వ్యాపారదృష్టికి ఇది సాహసమే. చిత్రకారుని ఉద్దేశము నెరవేరినది మాత్రము ఆ కొలతలోనే అని మా అభిప్రాయము.

ఇక మన సంగతి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో స్థాపించిన 'భారతి'లో, 1930 దశకములో తలిశెట్టి రామారావుగారి వ్యంగ్యచిత్రములు వెలువడినవి. తొలి తెలుగు కార్టూనిస్టుగా గణింపబడు ఆయన 1947లో గతించినారు. జన్మదినమైన మే 20ని తెలుగు కార్టూనిస్టుల దినముగా జరుపుకొందురు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి కుమారులు సుబ్బరాయశాస్త్రిగారు బుజ్జాయి పేరుతో గీసిన 'డుంబు' ఆంధ్రపత్రిక వారపత్రికలో పిల్లలను అలరించినది. ఆయన పంచతంత్రము ఇలస్ట్రేటెడ్ వీక్లీ ద్వారా దేశమంతటికి చేరినది. 2022లో ఆయన మరణించినారు.

ఈ పత్రికల పాత సంచికలు 1918లో పుట్టిన వేటపాలెము సారస్వత నికేతనము వంటి చోట్ల నిలచినవి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వంటి ప్రయత్నముల వలన ఎన్నో సంచికలు ఇంట కూర్చుండి చదువగల స్థితి ఏర్పడినది. ఇది గొప్ప మేలు. అయినను వాటిలో చాల భాగము నలుపు తెలుపులోనే తీసినవి. అమెరికా మైక్రోఫిల్ములో జరిగినదే ఇక్కడను జరిగినది. బైండు చేయువారు ముఖపత్రములను, ప్రకటనల పుటలను చింపివేయుట మరియొక నష్టము. కమ్మర్‌పల్లి రైతు పసుపు పంటనంతయు ఉడికించి ఎండబెట్టి అమ్ముకొనడు. విత్తనపు దుంపలను వేరుగా నీడన దాచును. ఉడికిన కొమ్ము ఎంత మేలైనదైనను మొలకెత్తదు గదా! నకలుకు, అసలు ప్రతికి గల భేదము దాదాపు ఇట్టిదే.

మన గృహములలో ఒక మంచి అలవాటు ఉండెడిది. వారపత్రికలలోని ధారావాహికలను చింపి, వరుసగా పేర్చి, బైండు చేయించి అటకపై పెట్టెడివారు. బొమ్మల కథలును అట్లే కొన్ని దక్కినవి. అట్టి కట్ట మీ ఇంట ఉన్నచో తూకమునకు ఇచ్చుటకు ముందు ఒకసారి విప్పి చూడుడు. పత్రిక పేరు, సంవత్సరము తెలిసినంత మేరకు వేరొక కాగితము మీద వ్రాసి అందులో ఉంచుడు. చినిగిన చోట జిగురు టేపు అంటించవద్దు. కొన్నాళ్లకు అది కాగితమును తినివేయును. తాళపత్రములకు పసుపు పట్టించు ఆచారము కలదు గాని, దానిని కాగితమునకు ప్రయోగింపరాదు. ఆ మరక వదలదు.