చూలాలి చుట్టూ నలుగురు

చరిత్ర రాసేవాళ్ళు ఫిరంగులు లెక్కపెడతారు గాని, వేవిళ్ళు లెక్కపెట్టరు. మన ఆదోని కోట కథే చూడండి.

1786 తొలకరి రోజుల్లో టిప్పు సుల్తాన్ ఆదోనిని ముట్టడించాడు. అప్పుడా కోట నిజాం సోదరుడైన బసాలత్ జంగ్ కొడుకు మహబత్ జంగ్ చేతిలో ఉంది. లోపల అంతఃపుర స్త్రీలు, సైనికుల సంసారాలు. నిజాం సేనలూ మరాఠాలూ సాయం వచ్చాక టిప్పు ముట్టడి ఎత్తేశాడు. కాని వానలు ముంచుకొస్తున్నాయి. తుంగభద్ర పొంగితే తిరుగుదారి ఉండదు. ఏం చేశారు? కోట మాట పక్కనబెట్టి, మహబత్ జంగ్ కుటుంబాన్ని ఏరు దాటించి రాయచూరు చేర్చారు. వెనకాలే టిప్పు కోట పట్టుకున్నాడు. చరిత్రలో అది ఓటమే. కాని అంత పెద్ద పరివారంలో నెలలు నిండినవాళ్ళు ఒకరిద్దరైనా లేకుండా ఉంటారా? కడుపు మీద చెయ్యి వేసుకుని ఏరు దాటిన ఆ తల్లి దాన్ని ఓటమి అనుకుంటుందా?

భారతంలో అభిమన్యుడు పోయేనాటికి ఉత్తర గర్భవతి. ఆ పిల్లను ఒంటరిగా వదల్లేదు, అత్తింటివాళ్ళంతా చుట్టూ చేరి కాచుకున్నారు. 1800లో ఆదోని కంపెనీవారి చేతికి వచ్చింది. ఆ కాలపు మద్రాసు సైన్యంలో సిపాయిల భార్యాబిడ్డలు పటాలం వెంటే ఉండేవారు. కష్టాల కాపురమే, అయినా నొప్పులొస్తే కేకేసేందుకు పక్క గుడిసెలో ఇంకో సిపాయి భార్య ఉండేది.

ఇప్పుడో? ఎమ్మిగనూరులో నేతగాడి ఇల్లాలికి "ఏమండీ" అంటే గుంట మగ్గంలోంచి జవాబొస్తుంది. సరిహద్దులో ఉన్న జవాను భార్యకు ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. అసలు గర్భిణుల్లో నూటికి పదిమంది దాకా దిగులు వంటి మానసిక బాధలు పడతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మగడు దగ్గర లేని మనిషి సంగతి వేరే చెప్పాలా? సైనికుల భార్యలకు 1966లో పుట్టిన సంక్షేమ సంఘం ఉంది. మంచిదే. కాని అర్ధరాత్రి బిడ్డ కదిలినప్పుడు పక్కన కావలసింది అమ్మో, అత్తో, వదినో.

ఒక్క మాట మాత్రం ఆ పిల్లతో అనకండి: "వీరుడి భార్యవు, నువ్వు ఏడవకూడదు" అని. పొగిడినట్టే ఉంటుంది గాని, అది నోరు మూయించడమే. ఏడవనివ్వండి. దిగులు రోజుల తరబడి తగ్గకపోతే, రక్తం తక్కువైతే తీసుకెళ్ళినట్టే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. సీమంతానికి నలుగుర్ని పిలుస్తాం. ఆ నలుగురూ పేరంటం అయిపోయాక కూడా వస్తూ పోతూ ఉంటేనే ఆమెకు కొండంత అండ.