అల్‌స్టర్ 1641: ఆస్తుల చిట్టా, హత్యల చిట్టా

ఐర్లండ్ ఉత్తర ప్రాంతమైన అల్‌స్టర్‌లో భూమి చేతులు మారడం 1641లో మొదలైంది కాదు. 1607లో ఓ'నీల్, ఓ'డానెల్ వంశాల గేలిక్ ప్రభువులు దేశం విడిచి యూరప్‌కు వెళ్లిపోయారు. రెండేళ్ల తర్వాత వారి భూముల పంపకానికి ఇంగ్లండ్ రాజు జేమ్స్ పథకం వేశాడు. ఆరు కౌంటీలలో ఇంగ్లండ్, స్కాట్లండ్‌ల నుంచి తెచ్చిన ప్రొటెస్టెంట్లకు భూములిచ్చారు. లండన్ వర్తక సంఘాలు డెర్రీ చుట్టుపక్కల పాగా వేశాయి. ఆ నేల మీదే పుట్టిన కాథలిక్కులు చాలామంది కౌలుదార్లుగా మిగిలారు.

అయితే 1641లో తిరుగుబాటుకు దిగిన కాథలిక్కులంతా నిలువ నీడలేని వాళ్లనుకుంటే పొరపాటు. నాయకుడు సర్ ఫెలిమ్ ఓ'నీల్ భూస్వామి, పార్లమెంటు సభ్యుడు. కానీ పీకల్లోతు అప్పుల్లో ఉన్నాడు. పంటలు సరిగా లేవు, వడ్డీలు పెరిగాయి, తాకట్టు భూములు ఒక్కొక్కటిగా పోతున్నాయి. లండన్‌లో పార్లమెంటు ప్యూరిటన్లనే కరడుగట్టిన ప్రొటెస్టెంట్ల చేతిలోకి వెళ్లడంతో తమ మతానికే ముప్పు వస్తుందన్న భయం తోడైంది. ఆయుధం పడితే జేమ్స్ తర్వాత వచ్చిన రాజు దిగివస్తాడని పొరుగున స్కాట్లండ్ వాళ్లు అప్పుడే రుజువు చేసి చూపించారు.

1641 అక్టోబరు 22 రాత్రి ఫెలిమ్ మనుషులు చార్ల్‌మాంట్, డంగానన్ కోటలు పట్టుకున్నారు. మర్నాడు డబ్లిన్ కోటను పట్టుకోవాలన్న పన్నాగం మాత్రం ఓవెన్ ఓ'కానలీ అనే వ్యక్తి ముందే ఉప్పందించడంతో బెడిసికొట్టింది. తాము రాజుకు వ్యతిరేకం కాదని తిరుగుబాటుదారులు డంగానన్‌లో ప్రకటించారు. ఆ తర్వాత రాజు ఇచ్చినదంటూ ఒక దొంగ ఉత్తరువు కూడా చూపించారు.

మొదట్లో జరిగింది ఎక్కువగా దోపిడీయే. పశువులను తోలుకుపోయారు, గాదెలు ఖాళీ చేశారు, అప్పు పత్రాలు, కౌలు పత్రాలు లాక్కున్నారు. తర్వాత ఒంటి మీద బట్టలు కూడా ఊడదీసి వెళ్లగొట్టారు. బట్ట ఖరీదైన ఆ రోజుల్లో అదీ ఒక దోపిడీయే, దానికి అవమానం అదనం. ఆ చలికాలంలో బట్టల్లేకుండా డబ్లిన్ వైపు నడిచినవారిలో చలికి, ఆకలికి, జబ్బుకి పోయినవారు కత్తికి బలైనవారికంటే ఎక్కువే కావచ్చు.

తిరుగుబాటుదారులకు లిస్నగార్వీ దగ్గర ఓటమి వంటి ఎదురుదెబ్బలు తగిలాక పగ ముదిరింది. నవంబరులో పోర్ట్‌డౌన్ దగ్గర సుమారు వందమంది బందీలను, ఆడవాళ్లు, పిల్లలు సహా, బాన్ నది వంతెన మీదికి తోలి నీళ్లలోకి నెట్టేశారు. ఈదబోయినవారిని కొట్టీ కాల్చీ చంపారు. దీన్ని ఏ సాకుతోనూ సమర్థించలేం. అదే సమయంలో కిల్మోర్ బిషప్ విలియం బెడెల్ సంగతీ చెప్పుకోవాలి. పాత నిబంధనను ఐరిష్‌లోకి తెప్పించిన ఆ ప్రొటెస్టెంటు గురువును తిరుగుబాటుదారులు కొంతకాలం నిర్బంధించారు. 1642 ఫిబ్రవరిలో ఆయన చనిపోతే గౌరవంగా తుపాకులు పేల్చి సాగనంపారు.

ఇక్కడ నాకు కీలకంగా కనిపించేది డబ్లిన్‌లో రాసిన చిట్టా. 1641 డిసెంబరులో డీన్ హెన్రీ జోన్స్ నాయకత్వంలో ఎనిమిదిమంది మతగురువులతో ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. కాందిశీకులు పోగొట్టుకున్న ఆస్తి వివరాలు ప్రమాణపూర్వకంగా రాసుకోవడం దాని పని. ఆవులు ఎన్ని, ధాన్యం ఎంత, రావలసిన బాకీలు ఎన్ని పౌండ్లు, దోచినవాడి పేరేమిటి: వితంతువులు వచ్చి వరసగా చెప్పుకున్నారు. 1642 జనవరిలో కమిషన్ పరిధిలోకి హత్యలనూ చేర్చారు. అక్కడినుంచి కళ్లారా చూసినదాని పక్కనే చెవినబడ్డదీ నమోదైంది. కొద్ది వారాల్లోనే జోన్స్ ఈ వాంగ్మూలాలతో లండన్ పార్లమెంటు ముందు నిలబడి సాయం కోరాడు.

1646లో సర్ జాన్ టెంపుల్ తన పుస్తకంలో 3 లక్షలకు పైగా ప్రొటెస్టెంట్లు హత్యకో, మరో రకం చావుకో, గెంటివేతకో గురయ్యారని రాశాడు. చదివినవారికి హత్య ఒక్కటే గుర్తుండిపోయింది. నిజానికి అంతమంది ప్రొటెస్టెంట్లు అప్పట్లో ఐర్లండ్ మొత్తంలో లేరు. తర్వాత విలియం పెట్టీ ఆ సంఖ్యను 37,000కు దించాడు. నేటి చరిత్రకారులు చాలామంది నేరుగా హతులైనవారు సుమారు 4,000 అని, చలికీ జబ్బుకీ పోయినవారిని కలిపితే 12,000 దాకా ఉండవచ్చని అంటున్నారు. అల్‌స్టర్‌లోని చిన్న వలస సమాజానికి అదీ ఘోరమైన దెబ్బే. అంకె తగ్గిందని నేరం తేలికపడదు.

ప్రతీకారమూ అంతే గుడ్డిగా సాగింది. 1642 జనవరిలో ఐలండ్ మగీలో కాథలిక్కు కుటుంబాలను ఊచకోత కోశారు. ఆ మార్చిలోనే తిరుగుబాటుదారుల నుంచి జప్తు చేయబోయే భూములను హామీగా చూపి లండన్ పార్లమెంటు యుద్ధానికి చందాలు వసూలు చేసింది. 1649లో డ్రోగెడాలో ఇంగ్లిష్ సేనాని క్రామ్‌వెల్ సైన్యం జరిపిన సంహారానికి 1641 హత్యలే సాకయ్యాయి. ఫెలిమ్ ఓ'నీల్‌ను 1653లో ఉరితీశారు. 1641లో దేశంలోని భూమిలో సుమారు 60 శాతం కాథలిక్కుల చేతుల్లో ఉండగా, క్రామ్‌వెల్ అనంతర పంపకాలు ముగిసేసరికి ఐదో వంతుకు కాస్త పైన మాత్రమే మిగిలింది.

ఆనాటి వాంగ్మూలాలు సుమారు 8,000, 31 సంపుటాలుగా డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఉన్నాయి. 2010 నుంచి ఇంటర్నెట్‌లో ఎవరైనా చదవవచ్చు. ఆసక్తి ఉన్నవారు టెంపుల్ పుస్తకానికి ముందు వాటిని తెరవండి.